ఫార్మాట్ కొట్టేముందు ఒక్క మాట

బాగేపల్లిలో కానీ, చింతామణిలో కానీ, చిక్కబళ్లాపురంలో కానీ కంప్యూటరు మొరాయించిందని ఎవరికైనా చెప్పి చూడండి. "ఫార్మాట్ కొట్టించు, సరిపోతుంది" అంటారు. పది మందిని అడిగినా అదే మాట. అంత తేలిగ్గా అనాల్సిన మాట కాదది. ఫార్మాట్ అంటే డిస్కు మీద ఉన్నదాన్ని తుడిచేసి విండోస్‌ను మొదటినుంచి ఎక్కించడం. దాంతో తంటా తీరవచ్చు. తంటాతో పాటు పెళ్లి ఫోటోలు, బాకీల పద్దు, పిల్ల రాసుకున్న ప్రాజెక్టు కూడా పోవచ్చు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. యంత్రం ఎందుకు పాడయిందో ఎప్పటికీ తెలియకుండా పోతుంది. కారణం తెలియకపోతే నెల తిరక్కముందే మళ్లీ అదే అంగడి మెట్లెక్కాలి.

మా వైపు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కంప్యూటరు తెర మీద ఇంగ్లీషు. మూడింటి మధ్య నలిగేది వాడేవాడే. 2007లో కోలారు నుంచి విడిపోయి మాది చిక్కబళ్లాపురం జిల్లా అయింది. కంప్యూటరు మాత్రం అంతకు ముందే మా రైతుల బతుకులోకి వచ్చేసింది. 2000 సంవత్సరం ప్రాంతంలో కర్ణాటక ప్రభుత్వం 'భూమి' అనే పథకం పెట్టి, సుమారు 67 లక్షల మంది రైతులకు చెందిన 2 కోట్ల పహణీలను, అంటే పొలం రికార్డులను, 177 తాలూకాలలో కంప్యూటర్లకు ఎక్కించింది. ఊరి లెక్కలాయన చేత్తో రాసిచ్చే పహణీ ఇక చెల్లదన్నారు. 15 రూపాయలు కడితే తాలూకాఫీసులో అచ్చు కాగితం చేతికొచ్చేది. బ్యాంకులో పంటరుణం కావాలంటే ఆ కాగితమే ఆధారం. ఆనాటినుంచి తెర వెలగకపోతే మన పని ఆగిపోతుందనే సంగతి పల్లెపల్లెకూ తెలిసింది.

ఇప్పుడు తాలూకాఫీసు పక్కనుండే జెరాక్స్ అంగడి, చింతామణి టమోటా మండీలో లెక్కల గది, శిడ్లఘట్టలో పట్టుగూళ్ల వ్యాపారి గది, బడిలోని ల్యాబు, ఎక్కడ చూసినా బల్ల మీద ఒక డబ్బా, దాని ముందు ఒక తెర. ఫోన్లు వచ్చి వీటి పని తగ్గించాయంటారు కానీ, అర్జీ టైపు చేయాలన్నా బిల్లు ప్రింటు తీయాలన్నా ఈ డబ్బానే నమ్ముకోవాలి. అందుకే దీని బాగోగుల గురించి నాలుగు మాటలు చెబుతాను. విండోస్ నడిచే డెస్క్‌టాప్‌ల సంగతే చెబుతున్నాను, మా ప్రాంతంలో ఎక్కువగా ఉన్నవి అవే కాబట్టి.

కంప్యూటరు దగ్గరికి వెళ్లగానే మీట నొక్కకండి. ముందు రెండు ప్రశ్నలు అడగండి. ఎప్పటినుంచి ఇలా ఉంది? దానికి ముందు ఏం మారింది? కొత్త ప్రింటరు తగిలించారా, ఎవరో పెన్‌డ్రైవు పెట్టారా, రాత్రి అప్‌డేట్ పడిందా, పిడుగుల వాన వచ్చిందా, బల్లను ఒక గదినుంచి ఇంకో గదికి మార్చారా? నిన్నటిదాకా బాగా నడిచిన యంత్రం ఇవాళ నడవటం లేదంటే ఈ రెంటి మధ్యలో ఏదో జరిగి ఉంటుంది. ఆ ఏదో దొరికితే సగం రిపేరు అయిపోయినట్టే.

చిక్కబళ్లాపురం పక్కనే ముద్దేనహళ్లి ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ఊరది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచినప్పుడు నిజాం ప్రభుత్వం ఆయనను పిలిపించింది. ఆయన నగరం ఒడ్డున గోడలెత్తే ఆలోచనతో ఆగిపోలేదు. ఎగువన ఎంత వాన పడింది, ఏ చెరువులు తెగాయి, ఆ నీళ్లు ఎప్పుడు ఎక్కడ కలిశాయి అని లెక్కలు తీశారు. నదిలో కొట్టుకొచ్చిన నీళ్లలో తెగిన చెరువుల నీళ్లూ ఉన్నాయని తేల్చి, ఎగువన జలాశయాలు కట్టమన్నారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే. నగరం మునిగింది కదా అని నగరాన్నే చూస్తూ కూర్చుని ఉంటే ఆ కారణం దొరికేది కాదు.

అలాంటి లెక్కల పుస్తకం మన కంప్యూటరు కూడా తనకు తానే రాసుకుంటుంది. చాలామంది దాన్ని తెరిచి చూడరు. స్టార్ట్ మీట నొక్కి 'రిలయబిలిటీ' అని టైపు చేస్తే 'వ్యూ రిలయబిలిటీ హిస్టరీ' అని వస్తుంది. తెరిస్తే రోజుకొక నిలువు గడి చొప్పున ఒక పటం కనిపిస్తుంది. యంత్రం ఎంత నిలకడగా ఉందో 1 నుంచి 10 లోపు ఒక గీత చూపిస్తుంది. ఏ రోజు ఏ ప్రోగ్రాము కూలిందో అక్కడ ఎర్ర గుర్తు ఉంటుంది. ఆ రోజు ఏ అప్‌డేట్ పడింది, ఏ కొత్త డ్రైవర్ (ప్రింటరులాంటివాటిని నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కింది అన్నదీ కింద రాసి ఉంటుంది. మంగళవారం దాకా గీత పైన ఉండి, బుధవారం ప్రింటరు డ్రైవర్ ఎక్కాక కిందికి దిగిందనుకోండి, ఇంకేం వెతకాలి?

లోపలి సాఫ్ట్‌వేర్ జోలికి పోయేముందు బయటి సంగతులు చూడాలి. మీట నొక్కితే దీపం కూడా వెలగటం లేదంటే అది విండోస్ తప్పు కాదు, కరెంటు తప్పు. గోడ సాకెట్టులో వేరే ఏదైనా పెట్టి చూడండి. డబ్బా వెనక కేబుల్ వదులై ఉంటుంది, చాలాసార్లు అంతే. లోపల ఎస్‌ఎమ్‌పీఎస్ అనే పెట్టె ఒకటుంటుంది. గోడనుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా విడగొట్టి ఒక్కో భాగానికీ అందించేది అదే. పల్లెల్లో త్రీఫేజ్ రాగానే బోరు మోటార్లన్నీ ఒక్కసారి లేస్తాయి, వోల్టేజి కిందికి పడుతుంది, మళ్లీ ఎగురుతుంది. ఆ దెబ్బలన్నీ మొదట తినేది ఈ పెట్టే. మీట నొక్కితే ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి ఆగిపోతుంటే ముందు అనుమానించాల్సింది దీన్ని. మార్చినా మీ ఫైళ్లకు ఏమీ కాదు, అవి వేరే చోట డిస్కు మీద ఉన్నాయి.

ఆన్ కాగానే 'పీప్ పీప్' అని పొడవుగానో పొట్టిగానో కూతలు పెట్టి తెర నల్లగా ఉండిపోతే ర్యామ్ కదిలిందేమో చూడాలి. ప్లగ్గు పూర్తిగా తీసేయండి. డబ్బా ఇనుప రేకును ఒకసారి చేత్తో ముట్టుకోండి, ఒంట్లోని స్థిరవిద్యుత్తు దిగిపోతుంది. ర్యామ్ పట్టీని బయటికి తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, మళ్లీ 'టక్' మనేదాకా నొక్కండి. ఈ చిన్న పనితో లేచి కూర్చున్న కంప్యూటర్లు మా ప్రాంతంలో చాలా ఉన్నాయి. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏ పాత సంవత్సరానికో వెళ్లిపోతుంటే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయిందన్నమాట. అది 3 వోల్టుల బ్యాటరీ, వాచీల అంగట్లో దొరుకుతుంది. తేదీ తప్పితే బ్యాంకు సైట్లు, ప్రభుత్వ సైట్లు తెరుచుకోవు. ఆ సైట్ల భద్రతాపత్రాలకు గడువు తేదీలు ఉంటాయి కాబట్టి, మీ యంత్రం తేదీతో అవి పొసగవు. "ఇంటర్నెట్ పాడైంది" అని కొందరు నెలల తరబడి అల్లాడేది ఇందుకే.

ఇక దుమ్ము. మాది రాతినేల. క్రషర్లున్నాయి, ఎండాకాలం గాలి ఎర్రమన్నుతో వీస్తుంది. ప్రాసెసర్ మీద ఉండే రెక్కల దిమ్మెలో దుమ్ము అట్టలా పేరుకుంటే వేడి బయటికి పోదు. వేడి 100 డిగ్రీల దరిదాపుల్లోకి వెళ్లగానే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకపోతే కాలిపోకుండా తనంతట తానే ఆరిపోతుంది. ఉదయం బాగుండి, మధ్యాహ్నం నత్తనడక నడిచి, ఉన్నట్టుండి ఆరిపోయే కంప్యూటర్‌కు ఫార్మాట్ కొట్టి ఏం లాభం? కరెంటు తీసి, మెత్తని కుంచెతో దుమ్ము దులపండి. బ్లోయరు వాడితే ఫ్యాను రెక్కను వేలితో కదలకుండా పట్టుకోండి, గాలికి అతివేగంగా తిరిగితే దాని బేరింగు పాడవుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా విండోస్ తడబడుతుంటే అప్పుడు నేను చెప్పాలనుకున్న అసలు సంగతి, సిస్టమ్ రిస్టోర్. ఇది 2000లో విండోస్ మిలీనియమ్‌తో వచ్చింది, మరుసటి ఏడాది ఎక్స్‌పీలోనూ పెట్టారు. అప్పటినుంచి విండోస్ 11 దాకా ఉంది. డబ్బు కట్టనక్కర్లేదు, కొత్తగా ఏదీ ఎక్కించనక్కర్లేదు. ఉండి కూడా వాడనివాళ్లే ఎక్కువ.

అది పనిచేసే తీరు చెబుతాను. మా వైపు పాత ఇళ్లకు గోడలూ రాతివే, కప్పూ బండలే. గోడలో నాలుగు రాళ్లు మార్చాలనుకోండి. తెలివైన మేస్త్రి తీసిన పాత రాయిని పారేయడు. దాని మీద సుద్దతో అంకె వేసి పెరట్లో ఆనించి పెడతాడు. కొత్త రాయి కుదరకపోతే అంకె చూసి పాతదాన్ని అదే సందులో కూర్చోబెడతాడు. ఇల్లంతా ఇంకోటి కట్టి పెట్టుకోనక్కర్లేదు, మారిన రాళ్లు మాత్రం దాచుకుంటే చాలు. రిస్టోర్ పాయింట్ కూడా ఇంతే. డిస్కు చిన్న చిన్న దిమ్మెలుగా ఉంటుంది. ఒక తేదీన రిస్టోర్ పాయింట్ పెడితే, ఆ తర్వాత విండోస్ ఏ దిమ్మె మీద కొత్తగా రాయబోయినా, ముందు అక్కడి పాత రాతను పక్కన నకలు పెట్టుకుని తర్వాత కొత్తది రాస్తుంది. వెనక్కి వెళ్లమంటే ఆ నకళ్లను తెచ్చి యథాస్థానంలో పెడుతుంది. అందుకే మొత్తం డిస్కును కాపీ తీసినంత చోటు దీనికి అవసరం ఉండదు.

ఈ మాట చెబుతుంటే మా మనవరాలు అడిగింది: "తాతా, వెనక్కి పోతే నిన్న నేను టైపు చేసిన రికార్డు కూడా పోతుందా?"

"పోదు తల్లీ. అది వెనక్కి తీసుకెళ్లేది విండోస్ సొంత ఫైళ్లను, డ్రైవర్లను, ప్రోగ్రాములను, వాటి అమరికలను. నువ్వు రాసుకున్న కాగితాలు, ఫోటోలు, పాటలు ఎక్కడివక్కడే ఉంటాయి."

"అయితే పోయేదేంది?"

మంచి ప్రశ్న. ఆ తేదీ తర్వాత ఎక్కించిన ప్రోగ్రాములు పోతాయి. మా జెరాక్స్ అంగళ్లలో ఇది బాగా తెలియాల్సిన విషయం. కన్నడ అర్జీలకు నుడి, తెలుగు పత్రికలకూ పెళ్లిపత్రికలకూ అను ఫాంట్లు వాడతారు. 10వ తేదీన రిస్టోర్ పాయింట్ ఉండి, 12న నుడి ఎక్కించి, 15న వెనక్కి వెళ్తే నుడి తొలగిపోతుంది. పాత పద్ధతి ఫాంట్లలో టైపు చేసిన అర్జీని అప్పుడు తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుట్ట కనిపిస్తుంది. "రిస్టోర్ చేసి ఫైలు చెడగొట్టారు" అని గొడవకు దిగుతారు. ఫైలు చెక్కుచెదరలేదు. దాన్ని అక్షరాలుగా చూపించే ఫాంటు లేదు, అంతే. నుడి మళ్లీ ఎక్కిస్తే అర్జీ మళ్లీ చదవొచ్చు. వెనక్కి వెళ్లేముందు 'స్కాన్ ఫర్ ఎఫెక్టెడ్ ప్రోగ్రామ్స్' అనే మీట కనిపిస్తుంది. అది నొక్కితే ఏవి పోతాయో, ఏవి పాత రూపానికి వెళ్తాయో జాబితా చూపిస్తుంది. దాన్ని ఒక చీటీ మీద రాసుకుని అప్పుడు ముందుకెళ్లండి.

వాడటం ఎలాగంటే, స్టార్ట్ నొక్కి 'రిస్టోర్' అని టైపు చేస్తే 'క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్' వస్తుంది. తెరిచిన పెట్టెలో సీ డ్రైవు ఎదురుగా ప్రొటెక్షన్ 'ఆన్' అని ఉందో 'ఆఫ్' అని ఉందో చూడండి. విండోస్ 10, 11 కంప్యూటర్లు చాలావాటిలో ఇది ఆఫ్‌లో ఉంటుంది. ఆఫ్‌లో ఉంటే దాచిన రాళ్లే లేవు, ఆపద వచ్చాక వెతికి లాభం లేదు. 'కాన్‌ఫిగర్' నొక్కి ఆన్ చేసి, డిస్కులో కొంత చోటు దీనికి కేటాయించండి. పెద్ద అప్‌డేట్లకు, డ్రైవర్లకు ముందు విండోస్ తానే ఒక పాయింట్ పెట్టుకుంటుంది. కానీ కొత్త ప్రింటరు తగిలించేముందు, తెలియని ప్రోగ్రాము ఎక్కించేముందు 'క్రియేట్' నొక్కి మీరే ఒకటి పెట్టుకోవడం మేలు. ఇవి కలకాలం ఉండవు. చోటు నిండితే పాతవి చెరిగిపోతాయి. విండోస్ 11 24హెచ్2లో 2025 జూన్ అప్‌డేట్ నుంచి 60 రోజులు దాటిన పాయింట్లను ఉంచడం లేదు. పోయిన సంక్రాంతి నాటి స్థితికి వెళ్దామంటే కుదరదు.

రిస్టోర్ నడుస్తుండగా కరెంటు పోకూడదు. యూపీఎస్ లేకపోతే కరెంటు నిలకడగా ఉండే వేళ చూసుకోండి. పని ముగిశాక తంటా అలాగే ఉంటే, 'అన్‌డూ' చేసి మళ్లీ యథాస్థితికి రావచ్చు. కింద చెప్పబోయే సేఫ్ మోడ్ లోంచి చేసినదానికి మాత్రం ఆ సదుపాయం ఉండదు.

అసలు విండోస్ తెరుచుకోకపోతే? విండోస్ 7లో ఆన్ చేయగానే ఎఫ్8 నొక్కితే సేఫ్ మోడ్ దారి కనిపించేది. 8 నుంచి పద్ధతి మారింది. వరసగా రెండు మూడుసార్లు విండోస్ లేవలేక ఆగిపోతే, ఆ తర్వాత అదే రిపేరు తెర చూపిస్తుంది. అందులో 'ట్రబుల్‌షూట్', దాని లోపల 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్', అక్కడ సిస్టమ్ రిస్టోరూ ఉంటుంది, సేఫ్ మోడ్‌కు దారీ ఉంటుంది. సేఫ్ మోడ్ అంటే విండోస్ కనీస అవసరాలతో మాత్రం లేవడం. బయటివాళ్ల డ్రైవర్లు, అదనపు ప్రోగ్రాములు రావు. అందులో యంత్రం బాగా నడిచిందంటే విండోస్ మూలాలు గట్టిగానే ఉన్నాయి, పైనుంచి వచ్చి చేరినదే చెడగొడుతోందని తెలుస్తుంది.

సేఫ్ మోడ్ విలువ ప్రపంచమంతటికీ తెలిసిన రోజు ఒకటుంది. 2024 జులై 19. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న అప్‌డేట్ ఫైలులో దోషం ఉంది. మన సమయం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు అది బయలుదేరింది. అందుకున్న కంప్యూటర్లు నీలి తెర వేసి, మళ్లీ లేచి, మళ్లీ నీలి తెర వేశాయి. సుమారు 85 లక్షల కంప్యూటర్లు అలా పడ్డాయని మైక్రోసాఫ్ట్ అంచనా. నందికొండకు ఆవల మా పొరుగున దేవనహళ్లిలో ఉన్న బెంగళూరు విమానాశ్రయంలోనూ విమానాలు ఆలస్యమయ్యాయి. దేశంలో పలుచోట్ల బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. సంస్థ గంటా పావులో ఆ ఫైలును వెనక్కి తీసుకుంది, కానీ అప్పటికే పడిపోయిన యంత్రాలు చాలావరకు ఆ దిద్దుబాటును అందుకోలేకపోయాయి. మరి ఎలా బాగుచేశారు? లక్షల చోట్ల మనుషులు కంప్యూటరు ముందు కూర్చుని, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, ఆ ఒక్క ఫైలును తొలగించారు. కొందరు 19వ తేదీకి ముందు తీసిన బ్యాకప్‌కు వెనక్కి వెళ్లారు. ఎప్పటినుంచి, ఏం మారింది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికింది కాబట్టే 85 లక్షల కంప్యూటర్లకు ఫార్మాట్ కొట్టే పని తప్పింది.

వెనక్కి వెళ్లడానికి పాయింటే లేనప్పుడు విండోస్‌లోనే ఉన్న మరమ్మతు పనిముట్లు వాడాలి. నల్ల తెర చూసి భయపడకండి. స్టార్ట్‌లో 'సీఎండీ' అని టైపు చేసి, దాని మీద కుడి మీట నొక్కి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' ఎంచుకోండి. ఎస్‌ఎఫ్‌సీ అని మూడక్షరాలు, కొంచెం ఖాళీ, ఒక ఏటవాలు గీత, ఆ వెంటనే స్కాన్‌నౌ అని కలిపి టైపు చేసి ఎంటర్ కొట్టండి. అది విండోస్ ముఖ్యమైన ఫైళ్లను ఒక్కొక్కటిగా, తన దగ్గర భద్రంగా ఉన్న అసలు ప్రతితో సరిచూసి, తేడా వచ్చినచోట అసలుది తెచ్చి పెడుతుంది. ఒక్కోసారి ఆ అసలు ప్రతే చెడి ఉంటుంది. అప్పుడు డిస్మ్ అనే ఇంకో ఆజ్ఞ ఉంది. అది ఇంటర్నెట్ ద్వారా మైక్రోసాఫ్ట్ నుంచి మంచి ప్రతి తెచ్చుకుని ఆ భాండారాన్నే బాగుచేస్తుంది. అందుకే ముందు డిస్మ్, తర్వాత ఎస్‌ఎఫ్‌సీ నడపడం మంచి వరస.

కరెంటు ఉన్నట్టుండి పోతే దెబ్బతినే అవకాశం ఉన్నది డిస్కు మీది పట్టిక. ఏ ఫైలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అందులో ఉంటుంది. రాస్తూ రాస్తూ ఉండగా కరెంటు పోతే ఆ రాత సగంలో ఆగుతుంది. చెక్‌డిస్క్ ఆ పట్టికను సరిచూస్తుంది, తప్పులుంటే దిద్దుతుంది. కంప్యూటరును మళ్లీ ఆన్ చేయమని అడుగుతుంది, గంటలు పట్టవచ్చు, మధ్యలో ఆపకూడదు. ఒక జాగ్రత్త మాత్రం మరవకండి. డిస్కులోంచి 'టిక్ టిక్' మని చప్పుడు వస్తుంటే, ఫైలు తెరవడానికి నిమిషాలు పడుతుంటే, ఆ డిస్కు చివరి దశలో ఉంది. చెక్‌డిస్క్ దాన్ని ఇంకా శ్రమ పెడుతుంది. ముందు ఫైళ్లు వేరే చోటికి కాపీ తీయాలి, రిపేరు తర్వాతి మాట.

డీఫ్రాగ్ గురించి చాలామంది అడుగుతారు. తిరిగే పళ్లెం ఉన్న పాత హార్డ్‌డిస్కులో చెల్లాచెదురైన ఫైలు ముక్కల్ని పక్కపక్కన చేరిస్తే వేగం పెరుగుతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు, దానికి ఆ పని అక్కర్లేదు. విండోస్ ఆ తేడా గుర్తుపట్టి ఎస్‌ఎస్‌డీకి తగిన పని తానే చేస్తుంది. 'మీ కంప్యూటరును పదింతలు వేగం చేస్తాం' అని ఊరించే రిజిస్ట్రీ క్లీనర్లను నమ్మకండి. అవి తీసేది చెత్తో, అవసరమైనదో వాటికే తెలియదు. నాలుగు రూకలు ఖర్చు పెట్టగలిగితే పాత హార్డ్‌డిస్కు తీసి చిన్న ఎస్‌ఎస్‌డీ వేయించండి, కళ్లకు కనిపించేంత తేడా వస్తుంది.

రిస్టోర్‌ను ఇంతగా మెచ్చుకున్నాను కదా అని దాన్నే బ్యాకప్ అనుకోవద్దు. దాచిన రాళ్లు అదే ఇంటి పెరట్లో ఉన్నాయి, అంటే అదే డిస్కులో ఉన్నాయి. డిస్కు పోతే రెండూ పోతాయి. 2017 మే నెలలో వాన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము 150కి పైగా దేశాల్లో కంప్యూటర్ల ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లకూ సోకింది, అప్పట్లో మా సరిహద్దు దాటగానే వచ్చే చిత్తూరు జిల్లాలోనూ. అది తాళం వేయడంతో ఊరుకోలేదు. విండోస్ దాచుకున్న ఆ పాత నకళ్లను కూడా తుడిచేసింది. దాన్ని అడ్డుకునే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బతికిపోయారు.

కాబట్టి ముఖ్యమైన ఫైళ్లు మూడు చోట్ల ఉండాలి. ఒకటి కంప్యూటరులో, ఒకటి వాడనప్పుడు తీగ పీకేసి బీరువాలో పెట్టే బయటి డిస్కులో, ఒకటి ఇంటికి దూరంగా, ఇంటర్నెట్ నిల్వలోనో బంధువుల ఇంట్లోనో. మండీలో ట్యాలీ నడిపేవాళ్లు రోజు ముగిశాక బ్యాకప్ తీయడం తలుపుకు తాళం వేసినంత మామూలు పని కావాలి. 'భూమి' పహణీల వివరాలు మొదట తాలూకా కంప్యూటర్లలో ఉండేవి, తర్వాత బెంగళూరులోని రాష్ట్ర డేటా కేంద్రానికి చేరాయి. మీ తాలూకాఫీసులో బల్ల మీది డబ్బా కాలిపోయినా మీ పొలం సర్వే నంబరు చెరిగిపోదు. పెద్ద ప్రభుత్వం చేసుకున్న ఏర్పాటును మన స్థాయిలో మనమూ చేసుకోవచ్చు.

ఇన్నీ చేసినా బాగుపడని యంత్రాలూ ఉంటాయి. అప్పుడు కూడా ఫార్మాట్‌కు ముందు ఇంకో మెట్టుంది, 'రీసెట్ దిస్ పీసీ'. అందులో 'కీప్ మై ఫైల్స్' ఎంచుకుంటే ప్రోగ్రాములు పోతాయి, మీ ఫైళ్లు మిగులుతాయి. అది కూడా కుదరకపోతే ఫార్మాట్ తప్పదు, దానికి నేను అడ్డు చెప్పను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆపేసింది కాబట్టి, కొందరికి ఎలాగూ కొత్తది ఎక్కించుకోవాల్సిన అవసరం వస్తుంది. ఆ పనికి ముందు డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్‌లో, డౌన్‌లోడ్స్‌లో ఉన్నవన్నీ బయటికి తీయాలి. మామూలుగా ఇవి మూడూ ఉండేది సీ డ్రైవులోనే. "డీ డ్రైవు ముట్టుకోం, భయపడకండి" అని అంగట్లో చెబితే తృప్తి పడి రాకండి. విండోస్ తెరుచుకోకపోయినా పెన్‌డ్రైవులోంచి లినక్స్ నడిపి ఫైళ్లు బయటికి తీయవచ్చు. పని తెలిసినవాడికి అది గంట పని.

ఇది చదువుతున్నవాళ్లకు నా విన్నపం. ఇంట్లో కానీ, బడిలో కానీ, అంగట్లో కానీ మీ చేతికింద ఉన్న కంప్యూటరులో సీ డ్రైవుకు ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో ఇవాళే చూడండి, లేకపోతే ఆన్ చేసి మొదటి రిస్టోర్ పాయింట్ మీ చేత్తో పెట్టండి. రిపేరుకు ఇచ్చే రోజు వస్తే, "ముందు నా ఫైళ్లు కాపీ తీసి నా చేతికివ్వండి, తర్వాతే పని మొదలుపెట్టండి" అని గట్టిగా అడగండి. ఫైళ్లు మీవి, అడగడానికి మొహమాటపడకండి.